గట్టి డబ్బా ఖరీదు

ఫిబ్రవరి 6

పెద్ద పనేమీ కాదు. అలా అనుకుంటే ధైర్యంగా ఉంటుందని రాసుకుంటున్నాను.

పొద్దున చిన్నమేడమ్ గదిలోకి పిలిచారు. పెద్దాయన మంచాన పడ్డాక కంపెనీ వ్యవహారమంతా ఆయన కూతురు ఈవిడే చూస్తున్నారు. బల్ల మీద పోటీ కంపెనీవాళ్ళ టమాటా సాస్ పౌచ్ ఒకటి నిలబెట్టి ఉంది. అడుగున మడత పెట్టి అతికించారు కాబట్టి నిజంగానే నిలబడింది. మన సాసూ, సూపూ, జామూ ప్లాస్టిక్ డబ్బాల్లో కాకుండా ఇలాంటి పౌచ్‌లలో పంపితే ఎంత మిగులుతుందో లెక్క కట్టమన్నారు. దుకాణాల్లో వాళ్ళ సరుకు మాకన్నా చవగ్గా దొరుకుతోంది. మా అమ్మకాలు పడిపోతున్నాయి. అది నాకూ తెలిసిందే.

ఆ డబ్బాలు మాకు అందించేది మా బావ. అక్క మొగుడు. వీధి చివర షెడ్డులో రెండు మౌల్డింగ్ మిషన్లు పెట్టుకుని డబ్బాలు పోస్తాడు. అక్కడ తయారయ్యే పదింటిలో ఎనిమిది మా కంపెనీకే వస్తాయి. ఆ సంగతి మేడమ్‌కి తెలుసు. నేను వాళ్ళింటి మేడ మీద గదిలోనే ఉంటున్నాననీ తెలుసు. అందుకే లెక్క తేలేదాకా ఇంట్లో అనొద్దన్నారు. అననని చెప్పాను.

నేను లెక్క కట్టేదాన్ని మాత్రమే. నిర్ణయం నాది కాదు.

ఫిబ్రవరి 8

భోజనాల దగ్గర బావ పొట్ట తడుముకుని, "నా షెడ్డులో అచ్చు లేకుండా తయారైన సరుకు ఇదొక్కటే" అన్నాడు. అక్క నవ్వలేదు. ఈ మాట ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో. నేను నవ్వాను, కాస్త ఎక్కువగానే నవ్వాను.

నేను మొగుణ్ణి వదిలేసి రెండు పెట్టెలతో వీళ్ళ గుమ్మంలో నిలబడ్డ రోజున అందరూ ఏమైందని అడిగారు. బావ ఒక్కడే అడగలేదు. రెండు పెట్టెలూ రెండు చేతులా పట్టుకుని, మూడో మెట్టు ఊగుతుంది చూసుకోమని చెప్పి మేడెక్కాడు. నేను స్కూలుకి వెళ్ళే రోజుల నుంచీ ఆయన నాకు బావే. నేను ఇక్కడికి వచ్చిన ఈ పదకొండేళ్ళలో అద్దె మాట ఎత్తలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 12

డబ్బా, మూత, మూత కింద అతికించే రేకు, చుట్టూ వేసే లేబులు అన్నీ కలిపి నూరు అనుకుంటే, పౌచ్ ముప్పై ఎనిమిది. లేబులు వేరే అక్కర్లేదు, పౌచ్ మీదే అచ్చవుతుంది. ఇక్కడిదాకా చూస్తే లెక్క కట్టే పనే లేదు.

కానీ డబ్బా తన బరువు తనే మోసుకుంటుంది. వరస మీద వరస పేర్చినా కిమ్మనదు. పౌచ్‌లని అలా పేరిస్తే అడుగువి చితికిపోతాయి. వాటికి మందపాటి అట్టపెట్టెలు కావాలి, ఆ ఖర్చు కలిపాను. నింపే మిషను కొత్తది కొనాలి, దాని ఖరీదు అయిదేళ్ళ మీద పరిచాను. అది డబ్బాల లైను కన్నా నిదానంగా నడుస్తుంది, ఆ కూలి కలిపాను. ఒక్కొక్కటీ కలుపుతుంటే ముప్పై ఎనిమిది యాభై దాటింది, డెబ్బై దాటింది, తొంభై దగ్గరికి వచ్చింది. నాకు హుషారు పుట్టింది. ఇంకా ఏ ఖర్చు మర్చిపోయానా అని వెతుక్కుంటూ కూర్చున్నాను.

తర్వాత రవాణా వేశాను. మావి నిటారు గోడల డబ్బాలు, ఒకదాంట్లో ఒకటి దూరవు. ఆరు లారీల ఖాళీ డబ్బాలతో జరిగే పని, చిన్న వ్యానులో ఓ మూల పట్టే పౌచ్‌లతో జరిగిపోతుంది. గోడౌన్‌లో సగం ఖాళీ అవుతుంది. నిండిన సరుకు కూడా తేలికవుతుంది. అంకె మళ్ళీ జారి జారి డెబ్బై తొమ్మిది దగ్గర ఆగింది. అతుకు విడిపోయి కారిపోయేవి ఎన్నో ట్రయల్‌లోగానీ తేలదు.

సాస్ అయిపోయాక మా డబ్బా ఏ ఇంట్లోనైనా మేకులకో బొత్తాలకో పనికొస్తూ ఏళ్ళకి ఏళ్ళు ఉంటుంది. పౌచ్ ఆ పూటే చెత్తబుట్టలోకి పోతుంది. దానికి నా లెక్కలో గడి లేదు.

ఫిబ్రవరి 15

తలనొప్పి.

ఫిబ్రవరి 18

బావ కొత్త మిషను కొంటాడట. ఇప్పుడున్న రెండింటికన్నా పెద్దది. బ్యాంకు అప్పిస్తానందట, షెడ్డు తాకట్టు పెట్టాలట. మా కంపెనీకి ఇంకా పెద్ద డబ్బాలు కూడా పోసి ఇవ్వొచ్చని ఆయన ఆశ. సాయంత్రం కాగితాలన్నీ నా ముందు పరిచి, "లెక్కలమ్మా, ఓసారి చూసి పెట్టు" అన్నాడు.

చూశాను. తప్పేమీ లేదు, అన్నీ సరిగ్గానే వేశాడు. మా కంపెనీ ఆర్డరు ఇప్పటిలాగే ఉంటుందన్నది ఒక్కటే తప్పు.

కొన్నాళ్ళు ఆగితే మంచిదన్నాను. ఎందుకన్నాడు. వడ్డీలు తగ్గుతాయని పేపర్లో రాశారన్నాను. ఏ పేపర్లోనూ రాయలేదు. బావ తల ఊపి, కాగితాలు మడిచాడు. అక్క గిన్నెలు సర్దుతూ అటు తిరిగే అంది, "మనం ఓ మెట్టెక్కుదామంటే ఇంట్లోవాళ్ళే కాలు పట్టుకుని లాగుతారు" అని.

మెట్లెక్కి పైకి వచ్చేశాను. అనుకుంటే అనుకోనీ. నేను కంపెనీకి మాటిచ్చాను. పైగా ఇంకా ఏదీ తేలలేదు. తేలనిది చెప్పి ఊరికే భయపెట్టడమెందుకు?

ఫిబ్రవరి 23

ట్రయల్ మొదలైంది. మిషను అమ్మేవాళ్ళే ఒక ఫిట్టరుని పంపారు. మాటలు తక్కువ మనిషి, మెడలో తుండుగుడ్డ.

జామ్ నింపారు. ప్రతి ఆరు పౌచ్‌లలో ఒకటి కారింది. నింపే గొట్టం నుంచి ఒక చుక్క మూతి అంచున పడుతోంది. అంచు తడిగా ఉంటే అతుకు పట్టదు. నేలంతా జామ్. నా చెప్పులు ప్రతి అడుగుకీ అతుక్కుని చప్పుడు చేశాయి. మేడమ్ వచ్చి గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోయారు.

సీటుకి వచ్చి ఆ వేస్టేజి వేసి చూశాను. పౌచ్ నూటమూడు. డబ్బానే చవక.

ఇంటికి వెళ్ళేటప్పుడు పళ్ళు కొన్నాను. అక్క ఏమిటి విశేషం అంది. ఏమీ లేదన్నాను.

ఫిబ్రవరి 25

ఫిట్టరు గొట్టం మార్చాడు. అతికించే వేడి కాస్త పెంచాడు. నిన్నంతా దాని ముందే చతికిలపడి ఒక్కో పౌచ్‌నీ నొక్కి నొక్కి చూశాడు. ఇవాళ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నింపితే కారినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఎత్తు నుంచి పడేశారు, పైన పెట్టెలు పేర్చారు. తట్టుకున్నాయి.

ఎనభై రెండు.

ఫిబ్రవరి 26

రెండు అంకెలూ నా దగ్గరే ఉన్నాయి. ట్రయల్ అంటే మొదటిరోజే అసలైన ట్రయల్ అనొచ్చు. రేపు ఆ ఫిట్టరు వెళ్ళిపోతాడు, మా వాళ్ళకి అంత చెయ్యి తిరగదు, కాబట్టి మొదటిరోజు వేస్టేజే వెయ్యాలి అని వాదించొచ్చు. వాదన బాగానే ఉంది. పొద్దున్నుంచి దాన్ని మెరుగులు పెడుతున్నాను.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఫిబ్రవరి 28

రెండూ రాసి ఇచ్చాను. దానికే నన్ను నేను మెచ్చుకుంటూ గదిలోకి వెళ్ళాను. మేడమ్ చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"వీటిలో నన్ను ఏది నమ్మమంటారు?"

నిర్ణయం నాది కాదని ఇన్నాళ్ళూ రాసుకున్నాను. నా ముందే కూర్చుని నన్నే అడుగుతున్నారు.

"మూడోరోజుది, మేడమ్" అన్నాను.

మే నెల నుంచి పౌచ్‌లు. కొత్త మిషను వచ్చి కుదురుకునే దాకా డబ్బాలు కావాలి కాబట్టి, ఆ సంగతి డబ్బాలవాళ్ళకి ఏప్రిల్ చివర్లో మాత్రమే తెలియాలి. ముందే తెలిస్తే సరఫరా మధ్యలో ఆపేస్తారు. మేడమ్ నా బావని "డబ్బాలవాళ్ళు" అన్నారు. కావాలని అన్నట్టు లేదు. గుమ్మం దాకా వచ్చాక నెమ్మదిగా, "మీకు ఇది కష్టమని నాకు తెలుసు. మన కంపెనీని నమ్ముకున్న ఇళ్ళూ చాలా ఉన్నాయి" అన్నారు.

అదీ నిజమే. నాకు ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీల్లేకుండా పోయింది.

మార్చి 3

రేపు చెప్తాను.

మార్చి 4

బావకి జ్వరం. ఒళ్ళు కాలిపోతున్న మనిషికి ఇలాంటివి చెప్పరు.

మార్చి 6

జ్వరం తగ్గింది. నీరసంగా ఉన్నాడు.

మార్చి 7

అక్క పుట్టినరోజు. బావ కొత్త మిషను బొమ్మ ఉన్న కాగితం తెచ్చి అద్దానికి అంటించాడు. "దీనికన్నా చీర తెస్తే బాగుండేది" అంది అక్క. కానీ తల దువ్వుకునేటప్పుడు ఆ కాగితం తీయకుండా పక్కకి వంగి మిగిలిన అద్దంలోనే చూసుకుంది.

మార్చి 9

ఇవాళ చెప్పకపోవడానికి కారణమేమీ లేదు. చెప్పలేదు.

మార్చి 11

శుక్రవారం బ్యాంకులో సంతకాలట. షెడ్డుతోపాటు నెల జీతం వచ్చేవాళ్ళు ఒకరు హామీ సంతకం పెట్టాలన్నారట. బావ నన్ను నేరుగా అడగలేదు. అక్కతో చెప్పించాడు. ఆయనకి మొహమాటం. "నీ జీతం కాగితం ఒకటి పట్టుకురా, నీకు ఇష్టమైతేనే" అంది అక్క. ఆ చివరి మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. ఆవేళ కాలు పట్టుకుని లాగుతారని అన్న మాటకి బాధపడుతోందేమో.

సరేనన్నాను. ఏ నోటితో అన్నానో.

మార్చి 13, శుక్రవారం

చెప్పేశాను. ఎంత చెడ్డగా చెప్పాలో అంత చెడ్డగా చెప్పాను.

నడిచి వెళ్తున్నప్పుడు దారిలో చెబుదామనుకున్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడుస్తూ ఆ మిషను ఎంత సరుకు పోస్తుందో అక్కకి వివరిస్తున్నాడు. బ్యాంకులో వేచి ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. వెళ్ళగానే పిలిచేశారు. ఆఫీసరు మంచి మనిషి, ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. కాగితాలు ముందు నా వైపే తిప్పాడు. హామీదారు సంతకం మొదట కావాలట. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

"బావా, సంతకం పెట్టకు" అన్నాను. "మే నుంచి మా కంపెనీకి డబ్బాలు అక్కర్లేదు. పౌచ్‌లకి మారుతున్నారు. లెక్క కట్టింది నేనే."

ఆఫీసరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కిటికీ వైపు చూశాడు. బావ కాగితాలు అంచులు కలిపి సరిచేసి, ఆఫీసరు ముందుకే తోసి, "శ్రమ ఇచ్చాం సార్" అన్నాడు. పరాయివాడికి చెప్పుకునే క్షమాపణ కూడా ఆయనే చెప్పుకున్నాడు.

మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాక అడిగాడు, "ఎప్పట్నుంచి తెలుసు?"

"ఖాయమని తెలిసి రెండు వారాలు. ఇలా అవుతుందని తెలిసి నెల పైనే."

"నా చేత్తో వడ్డించిన అన్నమే కదే నువ్వు తిన్నది, ఇన్నాళ్ళూ" అంది అక్క. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే బాగుండేది. ఆవిడ బావ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, ఆయనకేదో కళ్ళు కనబడనట్టు. నేను ఇవతలే నిలబడ్డాను.

మార్చి 14

కింద తలుపు చప్పుడు విని దిగాను. బల్ల మీద నా కంచం పెట్టి ఉంది, మూతతో. అక్క లేదు.

మార్చి 16

బావ షెడ్డుకి రమ్మని కబురు పెట్టాడు. మిషన్లు ఆగి ఉన్నాయి. తలకిందులుగా ఉన్న డ్రమ్ము మీద నన్ను కూర్చోమని, లెక్కంతా చెప్పమన్నాడు. ఇంకా దాచడానికి ఏముంది? మొదటి నుంచి చెప్పాను. ఆయన మధ్యలో ఆపి, తన లాభం పూర్తిగా వదులుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. అదీ వేశాను, బావా, అన్నాను. లాభం లేకుండా ఇచ్చినా తొంభై దాకానే దిగుతుంది. మిగతా తేడా అంతా రవాణాలో ఉంది. ఖాళీ డబ్బాని లారీలో తేవడమంటే గాలిని మోసుకు రావడమే.

బావ ఒక డబ్బా తీసి లోపలికి చూశాడు.

"అంటే ఇన్నేళ్ళూ గాలి అమ్ముకుని బతికానన్నమాట" అన్నాడు.

నవ్వబోయాడు. సగంలో ఆగిపోయింది. మా కంపెనీకి ఏప్రిల్ చివరిదాకా సరుకు ఆపనని, నా పేరు ఎక్కడా రానివ్వనని చెప్పాడు. నేను అడక్కుండానే చెప్పాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆయన లేచి వెళ్ళి అక్కర్లేకపోయినా మిషను తుడుస్తూ నిలబడ్డాడు.

మార్చి 25

పేరు రానే వచ్చింది. బావ ఇకనుంచి ఏ లారీకి ఆ లారీ డబ్బు ముందే ఇమ్మన్నాడట. ముడిసరుకు కోసం చేసే అప్పుల్లో చిక్కుకుపోకూడదని ఆయన జాగ్రత్త. సంగతి ఆయనకి ముందే తెలిసిందని పోల్చుకోడానికి మేడమ్‌కి అది చాలు. నన్ను పిలిచారు, కూర్చోమనలేదు.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఎందుకు చెప్పారని అడగను" అన్నారు. "కానీ ఈ సీట్లో మిమ్మల్ని ఉంచలేను. అది మీకూ తెలుసు."

తెలుసు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. సోమవారం నుంచి డిస్పాచ్‌లో పని. జీతం కొంచెం తక్కువ. సీటు లారీలు వచ్చే గేటు పక్కనే, రోజంతా పొగ. ఉద్యోగం పోలేదు, గుడ్డిలో మెల్ల.

ఏప్రిల్ 5

అక్క నాతో మాట్లాడదు. మాట్లాడాల్సినవి గోడకి చెప్తుంది. "నీళ్ళ మోటారు వేసినవాళ్ళు ఆపాలి" అంటుంది. నేను వెళ్ళి ఆపుతాను. బావ మా ఇద్దరి మధ్యా పేపరు పట్టుకుని కూర్చుంటాడు. పేజీ తిప్పడు.

ఏప్రిల్ 12

వేరే గది చూసుకుంటానని బావతో అన్నాను. విన్నాడు. "మీ అక్కని అడిగి చెప్తా" అన్నాడు. సాయంత్రం వచ్చి, "ఆవిడ గోడకి చెప్పింది, అక్కర్లేదట" అన్నాడు.

ఏప్రిల్ 19

ఆఖరి లోడు డబ్బాలు పోసేశాక, ఉన్న రెండు మిషన్లలో పెద్దది అమ్మేశారు. బొమ్మలు పోసే ఆయనెవరో కొన్నాడు. చిన్నది ఉంచుకుని బకెట్లూ మగ్గులూ పోస్తాడట బావ, చుట్టుపక్కల దుకాణాలకి. షెడ్డులో పనిచేసే నలుగురిలో ముగ్గురికి వేరే చోట్ల పని చూశాడు. నాలుగో ఆమె డబ్బాల అంచులు గీకే పెద్దమ్మ. "ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారయ్యా" అని ఆమే ఉండిపోయింది.

వచ్చేది ఇప్పటి రాబడిలో మూడో వంతు ఉండొచ్చు. ఆ లెక్క నేను కట్టలేదు. బావే వేసుకుని చెప్పాడు.

ఏప్రిల్ 24

కొత్త మిషను నడుస్తోంది. పౌచ్‌ల పెట్టెలు మొదటి లారీకి నేనే ఎక్కించాను. తేలిగ్గా ఉన్నాయి. కూలీలు సంతోషించారు. ఒకాయన, "అమ్మా, మా నడుములు నిలిపారు" అన్నాడు. తల ఊపాను.

ఏప్రిల్ 29

చివరి లోడు డబ్బాలు వచ్చాయి. డ్రైవరు పక్కన బావ ఉన్నాడు. ఆయన పక్కన అక్క. ఇన్నేళ్ళలో అక్క మా కంపెనీ గేటు దాటి రావడం ఇదే మొదలు. కిందికి దిగి, చెంగు భుజాన వేసుకుని, గోడౌన్ లోపల సగం ఖాళీగా ఉన్న చోటు చూసింది. అటువైపు పేర్చిన పౌచ్ పెట్టెలు చూసింది. వాటిలో ఒకటి నన్ను తెరవమంటుందేమో అనుకున్నాను. అడగలేదు.

సరుకు దించడం అయ్యాక అందినట్టు సంతకం పెట్టి కాగితం బావకి ఇచ్చాను. ఆయన జేబులో పెట్టుకుని లారీ వైపు నడిచాడు. అక్క మాత్రం కదల్లేదు. నా మొహం వైపు కాకుండా నా బల్ల మీద పేరుకున్న దుమ్ము వైపు చూస్తూ అంది, "సాయంత్రం పెందలాడే రా. షెడ్డు కడగాలి. ఒక్కదాని వల్ల కాదు."

గోడ వైపు చూసి అన్న మాట కాదది.

ఏప్రిల్ 30

నిన్న షెడ్డు కడిగాం. అలసిపోయి నిన్న రాయలేదు.

పెద్ద మిషను ఉన్న చోట నేల తెల్లగా ఉంది, చుట్టూ నూనె మరకలు. అక్క చీర ఎగదోపి చీపురు పట్టింది. నేను బకెట్లతో నీళ్ళు మోశాను. బావ బయట స్టూలు మీద కూర్చుని, మగ్గులకి ఏ రంగు బావుంటుందని పెద్దమ్మని అడుగుతున్నాడు. ఆమె ఏ రంగు చెప్పినా అది కాదంటున్నాడు.

అక్క నడుం పట్టుకుని నిలబడింది.

"నువ్వు ఆవేళ బ్యాంకులో నోరు తెరవకపోతే ఈ షెడ్డు కూడా పోయేది" అంది. "ఆ సంగతి నాకు ఆరోజే తెలుసు. రోడ్డు దాటకముందే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదక్కా?"

"తెలిసినంత మాత్రాన కోపం పోతుందా?"

నేను బకెట్ కింద పెట్టాను.

"ఇంకా ఉందా?"

"ఉంది" అంది అక్క. "ఆ మూలకి నీళ్ళు కొట్టు."

కొట్టాను.